ఉప్పాడ గుమ్మం, కోరంగి మడ

మా చిన్నప్పుడు వేసవి సెలవులు రెండు ముక్కలు. మొదటి ముక్క ఉప్పాడలో మేనత్త దగ్గర. రెండో ముక్క తాళ్ళరేవు అవతల మామయ్య వాళ్ళ ఊళ్ళో. నాన్న ఉద్యోగం కాకినాడలో కాబట్టి మేం మధ్యలో ఉండేవాళ్ళం. పైకి బస్సెక్కితే అత్త, కిందికి బస్సెక్కితే మామయ్య. రెండు వైపులా గంటలోపు ప్రయాణమే.

సముద్రం ఒకటే, కానీ అత్త ఊరి సముద్రం వేరు, మామయ్య ఊరి సముద్రం వేరు. ఉప్పాడలో అది వీధి చివర నిలబడి రాత్రంతా మాట్లాడుతూనే ఉండేది. అరుగు మీద చాప వేసుకుని పడుకుంటే ఒక పక్క నేత వీధి మగ్గాల చప్పుడు, అది ఆగాక కెరటాల చప్పుడు. మామయ్య ఊళ్ళో అసలు సముద్రం కనబడదు. తూర్పుకి ఎంత దూరం చూసినా అడవే. ఆకుపచ్చ గోడ కట్టినట్టు మడ. సముద్రం దాని వెనకాల ఎక్కడో ఉందని, రోజుకి రెండుసార్లు పోటెక్కి కాలవలోకి వచ్చే నీళ్ళని చూసి తెలుసుకోవాలి.

అత్త పెళ్ళయింది 1960లలో. వాళ్ళు కొత్తిల్లు కట్టుకుంటున్నప్పుడు తాత రాజమండ్రి కర్రల అడితీకి వెళ్ళి వీధి గుమ్మానికి టేకు కొనిచ్చాడు. ఆ రోజుల్లో భద్రాచలం మన్యంలో కొట్టిన టేకు దుంగల్ని వెదురు కట్టలతో కలిపి తెప్పలు కట్టి గోదాట్లో వదిలేవారు. ఒట్టి పచ్చి టేకు మునిగిపోతుంది, వెదురు దాన్ని తేలుస్తుంది. అలా పాపికొండల మధ్యనుంచి కొట్టుకొచ్చిన దుంగతో చేయించిన ద్వారబంధం అది. పై కమ్మీ మీద రెండు చిలకలు, మధ్యలో ఒక పద్మం. అత్త శుక్రవారం శుక్రవారం గడపకి పసుపు రాసి, పిండితో చుక్కలు పెట్టేది. నేను ఆ గడప మీద కూర్చుంటే "దిగరా పెద్దోడా, గడప మీద కూకోకూడదు" అనేది. ఎన్నిసార్లు అందో.

ఆ గుమ్మంలో నిలబడితే సముద్రం కనిపించేది కాదు. ఇది బాగా గుర్తు. ఎదర ఇంకా వీధులు ఉండేవి, ఆ తర్వాత కొబ్బరిచెట్లు, సరుగుడు చెట్లు, ఆ తర్వాత పడవలు బోర్లించే ఇసుక మేట. ఇసుకలో కాళ్ళు కాల్తుంటే పరుగెత్తుకుంటూ వెళ్ళేవాళ్ళం. పిల్లల కాళ్ళకి అది చాలా దూరం.

మామయ్య ఊళ్ళో నా సరదా అంతా మడలోకి వెళ్ళడమే. మామయ్యకి రెండెకరాల వరి, ఒక చిన్న నాటు పడవ. "ఏరా, మడలోకి వత్తావా?" అని తెల్లారగట్ల లేపేవాడు. పోటు ఎక్కేటప్పుడు పడవ వదిలి, గెడ వేసుకుంటూ లోపలికి వెళ్ళి, పాటు తీసేలోగా తిరిగి వచ్చేయాలి. ఆలస్యమైతే కాలవలో నీళ్ళుండవు, బురదలో పడవ కూరుకుపోతుంది. నాకు గడియారం చూడ్డం వచ్చేసరికే పోటూ పాటూ వచ్చేశాయి.

లోపల వాసన వేరేగా ఉంటుంది. ఉప్పు, కుళ్ళిన ఆకు, పీత, తడి మట్టి కలిసిన వాసన. నీళ్ళు దిగాక బురదలోంచి వేల కొద్దీ వేళ్ళు పైకి పొడుచుకుని ఉంటాయి, పెన్సిళ్ళు గుచ్చినట్టు. అవి మడ చెట్టు ముక్కులు. కింద బురదలో గాలి ఆడదు కాబట్టి వేరు పైకొచ్చి ఊపిరి తీసుకుంటుంది. ఒకసారి చెప్పుల్లేకుండా దిగి అరికాలు చీరుకున్నాను. మామయ్య బురదే తీసి కాలికి పట్టించాడు. చెట్లన్నీ ఆయనే చెప్పాడు. తెల్ల మడ, నల్ల మడ, కళింగ, గుగ్గిలం, ఉప్పు పొన్న, తిల్ల. తెల్ల మడ ఆకు తిరగేస్తే కింద బూడిదలా తెల్లగా ఉంటుంది. పైన నాలిక పెడితే ఉప్పు తగుల్తుంది. నీళ్ళతో పాటు తాగిన ఉప్పుని చెట్టు ఆకు మీదికి చెమటలా వదిలేస్తుంది. తిల్ల దగ్గర మాత్రం చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. "కొమ్మ ఇరిగితే పాలొత్తాయి. కంట్లో పడ్డాయంటే చూపు పోద్ది." ఉప్పు పొన్న కాయ అన్నిటికన్నా వింత. చెట్టున ఉండగానే మొలకెత్తి, మునక్కాయలా కిందికి వేలాడుతుంది. పాటు వేళ ఊడి పడితే నిలువునా బురదలో గుచ్చుకుంటుంది. పోటు వేళ పడితే తేలుకుంటూ పోయి ఎక్కడ ఒండ్రు దొరికితే అక్కడ నిలబడుతుంది.

ఒకసారి, సందె వేళ, కాలవ ఒడ్డున ఒక పిల్లి కూర్చుని నీళ్ళలోకి చూస్తోంది. ఊరపిల్లి కన్నా పెద్దది, ఒంటి మీద మచ్చలు. మామయ్య గెడ ఆపేశాడు. అది ముందు కాలు నీళ్ళలో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, ఒక్కసారిగా తల ముంచింది. చేప నోట్లో ఉంది. మమ్మల్ని చూసి కూడా తొందరపడలేదు. బావురు పిల్లి. కోరంగి అభయారణ్యం ఏర్పడింది 1978లో, మేం ఆ పిల్లిని చూసిందీ ఆ దగ్గర్లోనే. సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అది అభయారణ్యం అయిందని మాకప్పుడు తెలీదు. మాకది మడ, అంతే.

కోరంగి అంటే ఇప్పుడు పడవ షికారు గుర్తొస్తుంది అందరికీ. అది ఒకప్పుడు రేవు పట్నం. ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. అక్కడినుంచి బర్మా వెళ్ళిన మనవాళ్ళ వల్ల రంగూన్‌లో తెలుగువాడంటే చాలు 'కొరంగీ' అనేవారు. మా ముత్తాత తరంలోనూ ఒకాయన అలా వెళ్ళొచ్చాడు, ఆయన తెచ్చిన బర్మా లక్కపెట్టె అమ్మమ్మ బీరువాలో ఉండేది. ఆ రేవుని సముద్రం రెండుసార్లు కొట్టింది. 1789లో ఒకదాని వెనక ఒకటి మూడు కెరటాలు ఊరిని ముంచేశాయి. ఇంగ్లీషులో 'సైక్లోన్' అన్న మాట పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ ఆ ఉప్పెన గురించి రాశాడు. మళ్ళీ 1839 నవంబరులో ఇంకో ఉప్పెన. ఆ తర్వాత కోరంగి రేవుగా లేవలేదు. రేవు పని కాకినాడకి మళ్ళింది. ఓడలు తిరిగిన చోట గోదారి ఒండ్రు పోసింది, ఒండ్రు మీద మడ ఎక్కింది.

గోదారి త్ర్యంబకం కొండల్లో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచి మన దగ్గరికి వస్తుంది. మహారాష్ట్ర నల్లరేగడి, తెలంగాణ చెలక మట్టి, ఇంద్రావతి, శబరి మోసుకొచ్చే అడవి మట్టి, అన్నీ వరదల్లో కలిసి ఎర్రగా దిగేవి. కోనసీమ మొత్తం అలా దిగిన మట్టే. మామయ్య రెండెకరాలూ అదే. ఆ నీటితో సముద్రంలోకి వెళ్ళిన ఇసుక అక్కడ ఊరికే ఉండదు. నైరుతి గాలుల కాలంలో కెరటాలు దాన్ని తీరం వెంబడి ఉత్తరానికి తోస్తాయి. అలా తోసిన ఇసుక కాకినాడ ముందర మైళ్ళ పొడుగున కట్ట కట్టింది. మ్యాపులో హోప్ ఐలండ్ అని ఉంటుంది. దాని వయసు గట్టిగా రెండొందల ఏళ్ళు. దాని లోపలి వైపు నీళ్ళు కదలకుండా ఉంటాయి కాబట్టే మామయ్య ఊరి సముద్రం అంత నెమ్మది. సముద్రం వైపు ఇసుకలో ఏటా చలికాలం చివర తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి.

అదే కట్ట ఉప్పాడకి చేరాల్సిన ఇసుకని తనే దాచుకుంది. తీరం బతికేది రాకపోకల మీద. ప్రతి ఏడూ కెరటం కొంత ఇసుక తీసుకుపోతుంది, కింది నుంచి కొంత వచ్చి చేరుతుంది. ఉప్పాడలో పోయేది పోతూనే ఉంది, వచ్చేది తగ్గిపోయింది. పైనుంచి గోదారి తెచ్చేదే తగ్గింది. 1970లలో ధవళేశ్వరం దాటి ఏటా 15 కోట్ల టన్నుల దాకా మట్టి దిగేది. 1990లకి అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. పైన కట్టిన ప్రతి జలాశయం అడుగునా మన తీరం కొంత కూర్చుని ఉంది. నీళ్ళు కావద్దని నేననను. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళతో పండిన అన్నమే తిన్నాం మేమంతా. కానీ నీటి లెక్క రాసుకున్నంత శ్రద్ధగా మట్టి లెక్క ఎవరూ రాయలేదు. ఆ రాష్ట్రానికిన్ని టీఎంసీలు, ఈ రాష్ట్రానికిన్ని టీఎంసీలు అని ఏళ్ళ తరబడి వాదించుకున్నాం. సముద్రం ఒడ్డుకి ఇంత ఒండ్రు రావాలి అని ఏ బల్ల దగ్గరా ఎవరూ అడగలేదు.

అత్త ఇల్లు మొదటిసారి ఖాళీ చేసింది 1980ల చివర. అప్పటికి ఎదర వీధులు లేవు. కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే వంగి, వేళ్ళు బయటపడి, ఒక రాత్రి పడిపోయేవి. అమావాస్య పోటుకి నీళ్ళు పెరట్లోకి వచ్చాయి. ఉప్పాడ మామయ్య మనుషుల్ని పెట్టి ద్వారబంధం ఊడదీయించాడు. గోడలు వదిలేశారు, పెంకులు అమ్మేశారు, గుమ్మం మాత్రం ఎడ్లబండి మీద ఎక్కించి వెనక వీధిలోకి తెచ్చారు. కొత్తింటికి దాన్నే బిగించారు. అత్త దానికి మళ్ళీ పసుపు రాసింది.

1990ల మొదట్లో మామయ్య ఊరికి రొయ్య వచ్చింది. ఊరంతా టైగర్ రొయ్య మాటే. వరి మీద వచ్చేది ఎంత, రొయ్య మీద వచ్చేది ఎంత! మామయ్య రెండెకరాలూ చెరువు తవ్వించాడు. కాలవ నుంచి ఉప్పునీళ్ళు తోడారు. మొదటి పంటకి అత్తయ్యకి గొలుసు చేయించాడు, పెంకుటిల్లు తీసి డాబా వేశాడు. ఊరి చివర మడ అంచు కూడా కొట్టేసి చెరువులు చేశారు కొందరు. 1994, 95లలో తెల్లమచ్చ తెగులు వచ్చింది. పొద్దున్నే చూస్తే చెరువు గట్టు పొడుగునా చచ్చిన రొయ్య. రొయ్యపిల్లని అరువిచ్చిన వాళ్ళు, మేత అరువిచ్చిన వాళ్ళు గుమ్మంలో కూర్చున్నారు. గొలుసు పోయింది. చెరువు పూడ్చి మళ్ళీ వరి వేద్దామంటే నేల ఉప్పెక్కిపోయింది, నారు పసుపు తిరిగిపోయింది. తీరం పక్కన ఇలాంటి చెరువులు వద్దని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పిచ్చింది. మామయ్య పొలం అప్పటికే పోయింది.

ఆ తీర్పుకి నెల ముందే, నవంబరు 6 రాత్రి, తుపాను. నేనప్పుడు విజయవాడలో ఉద్యోగం. ఫోన్లు లేవు, బస్సులు లేవు. నాలుగో రోజుకి చేరాను. దారి పొడుగునా కోనసీమ కొబ్బరి అంతా ఒకే వైపుకి పడుంది, దువ్వెనతో దువ్వినట్టు. వెయ్యి మందికి పైగా పోయారు. వేటకెళ్ళిన పడవలు తిరిగి రాలేదు. రేవుల్లో ఆడవాళ్ళు సముద్రం వైపు చూస్తూ కూర్చున్నారు, ఏడవను కూడా ఏడవడం లేదు. ఆ మొహాలు ఇప్పటికీ మర్చిపోలేను.

మామయ్య ఊళ్ళో పాకల కప్పులన్నీ ఎగిరిపోయాయి. గొడ్లు కొన్ని పోయాయి. మనుషులు మాత్రం మిగిలారు. నేను బురదలో నడుచుకుంటూ వెళ్ళేసరికి మామయ్య డాబా మీద తడిసిన ధాన్యం ఆరబోస్తున్నాడు. ఎలా తప్పించుకున్నారని అడిగితే మడ వైపు చూపించాడు.

"నీళ్ళొచ్చాయిరా. రాలేదని కాదు. కానీ నడిచొచ్చాయి. పరిగెట్టుకు రాలేదు."

మడ మొదటి వరస చెట్లు ఆకు లేకుండా గీరుకుపోయి ఉన్నాయి. వాటి వెనక వరసకి సగం ఆకు. దాని వెనక వరస పచ్చగానే ఉంది. మడ ఏం చేసిందో నాకు వేరే ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మామయ్య మడ పనిలో చేరాడు, కూలికి. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ వాళ్ళు, అటవీ శాఖ వాళ్ళు ఊళ్ళ వాళ్ళని కలుపుకుని పాడైపోయిన మడని మళ్ళీ లేపే పని మొదలుపెట్టారు. చెట్లు కొట్టేసిన చోట నేల పళ్ళెంలా గుంట పడుతుంది. పోటు నీళ్ళు లోపలికొచ్చి నిలిచిపోయి, ఎండకి ఆవిరై, ఉప్పు పేరుకుపోతుంది. అక్కడ గింజ వేసినా మొలవదు. అందుకని కాలవ నుంచి ఒక పెద్ద బోదె తీసి, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న బోదెలు తీస్తారు, చేప ముల్లులాగా. పోటు నీళ్ళు వచ్చి, ఉప్పు కడిగి, పాటుతో వెళ్ళిపోతాయి. ఆ బోదె గట్ల మీద మొక్కలు నాటతారు. మామయ్య నడుం లోతు బురదలో నిలబడి తవ్వాడు. రొయ్య చెరువు తవ్వించిన మనిషే. దాని గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు గానీ, నేను వెళ్ళినప్పుడల్లా నన్ను అక్కడికి తీసుకెళ్ళేవాడు. మోకాలెత్తు మొక్కలు, తర్వాత నడుమెత్తు, తర్వాత తల దాటి. "ఇది నా బోదె" అని చూపించేవాడు. పీతలు తిరిగొచ్చాయి, మడపీత పట్టే కుర్రాళ్ళు మళ్ళీ కొక్కేలు పట్టుకుని తిరగడం మొదలెట్టారు. 2011లో మామయ్య పోయారు. ఆయన బోదె మీద చెట్లు ఇప్పుడు రెండు నిలువులున్నాయి.

దేశం మొత్తం లెక్క చూస్తే మడ పెరిగిందనే ఉంది. అటవీ సర్వే వాళ్ళ లెక్కల్లో 1987లో 4,046 చదరపు కిలోమీటర్లు, 2021లో 4,992. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం గుజరాత్‌ది. అక్కడ 427 నుంచి 1,175 అయింది. వాళ్ళని మెచ్చుకోవాలి, నిజంగా. మన ఆంధ్రలో అదే కాలంలో 495 నుంచి 405కి తగ్గింది. దేశం లెక్కలో ఈ తగ్గుదల కనబడకుండా పోతుంది, నాకు బాధ అక్కడే. కచ్‌లో నాటిన మొక్క కాకినాడకి వచ్చే ఉప్పెనని ఆపదు. 2020లో కాకినాడ పక్కనే ఇళ్ళ స్థలాలకని మడ చెట్లు కొట్టి మట్టి పోశారు. గొడవ కోర్టుల దాకా, హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఇల్లు లేనివాళ్ళకి ఇల్లు కావాలి, కాదనలేం. కానీ పేదవాడి ఇంటికి దొరికే చోటు ఎప్పుడూ సముద్రానికి అడ్డం నిలబడే చోటే ఎందుకవుతుంది?

నియమాలు కూడా వెనక్కి జరిగాయి. 1991లో తీర నియంత్రణ ఉత్తర్వు వచ్చినప్పుడు పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా లెక్కలోకి తీసుకున్నారు, పల్లెల్లో మొదటి 200 మీటర్లలో కట్టడాలు వద్దన్నారు. 2019 ఉత్తర్వుతో, జనం కిక్కిరిసిన తీర గ్రామాల్లో ఆ 200 కాస్తా 50 అయింది. 50 మీటర్లంటే ఎంతో నాకు తెలుసు. ఉప్పాడలో అంతకన్నా ఎక్కువ నేల నా కళ్ళ ముందే పోయింది.

అత్త ఇల్లు రెండోసారి 1996 తర్వాత మారింది, మూడోసారి 2014 హుద్‌హుద్ తర్వాత. మధ్యలో తీరం కాపాడటానికి ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టపు సంచులు వరసగా పేర్చారు. అత్త చాలా నమ్మకం పెట్టుకుంది వాటి మీద. కొన్నేళ్ళకే చిరిగిపోయి, తోలు ఒలిచిన గొడ్డులా ఇసుకలో పడున్నాయి. బండరాళ్ళు వేశారు. ప్రతి తుపానుకీ కాకినాడ, ఉప్పాడ బీచ్ రోడ్డు తెగుతుంది, మళ్ళీ వేస్తారు, మళ్ళీ తెగుతుంది. దేశంలో ప్రధాన భూభాగం తీరంలో మూడో వంతు కోతకి గురవుతోందని కేంద్ర తీర పరిశోధన సంస్థ 1990 నుంచి 2018 దాకా కొలిచి చెప్పింది. ఆ మూడో వంతులో మా అత్త వీధి ఉంది. గుడి పోయింది, బావి పోయింది. కొన్నాళ్ళు ఆ బావి ఒర ఒక్కటే నీళ్ళలో నిలబడి ఉండేది, పాటు వేళ కనిపించి పోటుకి మునిగేది. అత్త అటు వెళ్ళినవాళ్ళనల్లా "మన బావి కనబడతందా?" అని అడిగేది. ఒక ఏడు ఇక కనబడలేదన్నారు. అప్పట్నుంచి అడగడం మానేసింది.

2023 బడ్జెట్‌లో మడ అడవుల కోసం 'మిష్టి' అని పథకం పెట్టారు. మంచిదే. నాటండి, ఎంత నాటితే అంత మంచిది. నేను కోరుకునేది ఇంకొకటి కూడా ఉంది. జలాశయాల అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న మట్టిని వరదల వేళ కిందికి వదిలే దారి ఆలోచించాలి. పోలవరం పూర్తయితే గోదారి మీద ఇంకో అడ్డు వస్తుంది. నీటి పంపకంతో పాటు మట్టి పంపకం మాట ఇప్పుడైనా ఎత్తాలి. మడకి తిండి ఒండ్రే. ఉప్పాడకి తిండి ఇసుకే. నది తిండి పెట్టకపోతే ఎన్ని మొక్కలు నాటినా, ఎన్ని బండలు వేసినా ఎన్నాళ్ళు?

మొన్న కార్తీకంలో వెళ్ళాను. ముందు యానాం వెళ్ళి చీరమేను కొన్నాను, సన్నటి చేపపిల్లలు. తూర్పు గాలి తిరిగాక నాలుగు రోజులే దొరుకుతుంది అది, చీరలు పట్టి దేవుతారు. కేజీల్లో కాదు, ఇప్పటికీ శేరుతోనే కొలుస్తారు. దాన్ని చింతకాయ వేసి అత్త వండితేనే నాకు చీరమేను. తనకి ఎనభై దాటాయి. కొడుకు దగ్గర, ఊరికి లోపలగా, కాలనీ ఇంట్లో ఉంటోంది. ఆ ఇంటికి సిమెంటు గుమ్మాలు బిగించేసి ఇచ్చారు, తాత కొన్న ద్వారబంధం పట్టలేదు. పెరటి వైపు గోడకి ఆనించి ఉంది. ఒక చిలక ముక్కు విరిగింది. కింద చెద పట్టకుండా నాలుగు ఇటకలు పెట్టారు.

ఆ రోజు శుక్రవారం. చీరమేను గిన్నె దించి, చెయ్యి కడుక్కుని, అత్త పసుపు గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. వంగలేక పీట వేసుకుని కూర్చుని, గోడకి ఆనించిన ఆ గుమ్మం గడపకి ఈ చివర నుంచి ఆ చివర దాకా పసుపు రాసింది. నేను పక్కన నేల మీద కూర్చున్నాను. పిండి గిన్నె అందించమంది.